లాయర్ గారు నన్ను నటించమంటున్నారా?

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న కాలిన్ కౌంటీ నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 39 ఏళ్లు. సొంతూరు హనుమకొండ. హెచ్1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ల క్రితం సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న ఆమె కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. నడిపింది 72 ఏళ్ల పెద్దావిడ. ఎముకలేమీ విరగలేదు కానీ మెడలో డిస్క్ జరిగి ఎడమ చేతికి తిమ్మిరి పట్టుకుంది. ఫిజికల్ థెరపీ, ఇంజక్షన్లు అయ్యాయి, సర్జన్ ఆపరేషన్ మాట ఎత్తారు. వారాంతాల్లో పిల్లలకు కూచిపూడి నేర్పేవారు, అది ఆగిపోయింది.

అవతలి ఆవిడ ఇన్సూరెన్స్ లిమిట్, అంటే కంపెనీ గరిష్ఠంగా కట్టేది, లక్ష డాలర్లు. ఆ మొత్తం ఇచ్చేయమని లాయర్ గడువు పెట్టి లేఖ రాస్తే కంపెనీ కాదంది. మధ్యవర్తి ముందు కూర్చుని బేరమాడే మీడియేషన్‌లో కంపెనీ 70 వేల దాకా వచ్చి ఆగింది. ఇంకో రెండు నెలల్లో జ్యూరీ ట్రయల్.

ఆమె బాధలు నాలుగు. లాయర్ తనను కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయిస్తుంటే నాటకానికి రిహార్సల్ చేస్తున్నట్టుందట. మొన్న ఊరూపేరూ తెలియని పదిమందిని పిలిచి కేసు వినిపిస్తే, ఒకాయన "ఈవిడ బాగానే ఉందిగా" అన్నాడట, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండోది, డిపాజిషన్‌లో (ట్రయల్‌కు ముందే అవతలి లాయర్ ప్రశ్నలకు ప్రమాణం చేసి జవాబిచ్చే చోట) "ప్రమాదం తర్వాత డ్యాన్స్ చేశారా?" అని అడిగితే "లేదు" అన్నారు. ఇప్పుడు అవతలి లాయర్ దగ్గర తెలుగు సంఘం ఫేస్‌బుక్ పేజీలోని 40 సెకన్ల బతుకమ్మ వీడియో ఉంది, అందులో ఈమె చప్పట్లు కొడుతూ వంగి లేస్తున్నారు. డ్యాన్స్ అంటే కూచిపూడి అనుకుని జవాబిచ్చానని, బతుకమ్మ గుర్తుకే రాలేదని రాశారు. మూడోది, భర్త "ఇచ్చింది తీసుకుని బయటపడదాం, గ్రీన్‌కార్డ్ లైన్లో ఉండి కోర్టులెందుకు" అంటున్నారు, వీడియో తీసేయమని సంఘం వాళ్లకు ఫోన్ చేద్దామనీ అంటున్నారు. నాలుగోది, వరంగల్ కోర్టులో పనిచేసి రిటైరైన నాన్నగారు "కాగితాలు చూసి జడ్జి తేల్చాల్సింది దారినపోయే పన్నెండు మందికి ఏం తెలుసు" అంటున్నారట. "ఏం చేయమంటారు?" అని అడిగారు.

*

ముందు ఒక తొందర పని. మీ వారిని ఆ ఫోన్ చేయొద్దని చెప్పండి. ఇప్పటికే చేసి ఉంటే ఈ రోజే మీ లాయర్‌కు చెప్పండి. అవతలి వాళ్ల చేతికి వచ్చిన వీడియోను పేజీలోంచి తీసేసినా వాళ్ల దగ్గర పోదు. "సాక్ష్యం మాయం చేశారు" అన్న మాట మాత్రం మీకు అంటుకుంటుంది. ఆధారాలు కావాలని తుడిచేశారని రుజువైతే, ఆ సంగతి మీకు వ్యతిరేకంగా తీసుకోవచ్చని జడ్జి జ్యూరీకి చెప్పే అవకాశం కూడా ఉంది. మీ సొంత ఫోన్‌లో ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది.

నేను లాయర్‌ను కాదు. డాలస్ చుట్టుపక్కల ఇంజురీ కేసులు చేసే ఆఫీసుల్లో పారాలీగల్‌గా ఫైళ్లు తయారు చేస్తూ వచ్చిన మనిషిని. కాబట్టి మీ కేసులో చివరి మాట మీ లాయర్‌దే. ఆయన చేస్తున్న పని ఎందుకు చేస్తున్నారో మాత్రం నేను చెప్పగలను.

మీ నాన్నగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ తికమకలో సగం అక్కడే ఉంది. ఆయన చూసిన ఎం.వి.ఓ.పి. కేసుల్లో, అంటే మన దగ్గర వాహన ప్రమాదాల పరిహారం కేసుల్లో, ట్రైబ్యునల్ జడ్జి ఒక్కరే. డిజెబిలిటీ సర్టిఫికెట్‌లో ఎంత శాతం, జీతం ఎంత, వయసెంత అని చూస్తారు. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసిన పట్టికలో 36 నుంచి 40 ఏళ్ల వాళ్లకు మల్టిప్లయర్ (ఏడాది ఆదాయ నష్టాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) 15. బాధకూ, ఆస్పత్రి ఖర్చులకూ విడిగా కొంత కలుపుతారు. కాగితం సరిగ్గా ఉంటే లెక్క చాలావరకు ముందే తెలిసిపోతుంది. టెక్సస్‌లో అలాంటి పట్టిక లేదు. మీ కేసు డిస్ట్రిక్ట్ కోర్టులో ఉంది కాబట్టి పన్నెండు మంది కూర్చుంటారు, వాళ్లలో పది మంది ఒప్పుకుంటే తీర్పు. వాళ్లకు అన్నీ అయ్యాక జడ్జి ఒక ప్రశ్నాపత్రం ఇస్తారు, దాన్ని చార్జ్ అంటారు. ఎవరి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది అన్నది మొదటి ప్రశ్న. ఇప్పుడు నగదుగా ఎంత ఇస్తే ఈమెకు న్యాయమైన పరిహారం అవుతుంది అన్నది తర్వాతి ప్రశ్న. దాని కింద శారీరక నొప్పి, మానసిక వేదన, శరీరం మునుపటిలా పనిచేయకపోవడం, వైద్య ఖర్చులు అని వరుసగా ఉంటాయి. ప్రతిదానికీ "ఇప్పటిదాకా", "ఇకముందు" అని రెండు ఖాళీలు. ఆ ఖాళీల్లో సున్నా రాసినా, లక్ష రాసినా రాసేది వాళ్లే.

మంచి ట్రయల్ లాయర్ పని అంతా ఈ ఖాళీల నుంచి వెనక్కి నడుస్తుంది. ప్రతి ఖాళీకి ఎవరు సాక్ష్యం చెబుతారు, ఏ కాగితం చూపిస్తాం అని ముందే రాసుకుంటారు. వైద్య ఖర్చులది తేలిక. బిల్లులో వేసినది కాదు, నిజంగా కట్టినదో కట్టాల్సి ఉన్నదో మాత్రమే టెక్సస్‌లో లెక్కలోకి వస్తుంది. ఇకముందు ఆపరేషన్ అవసరమా అన్నది సర్జన్ నోటి నుంచే రావాలి, అందుకే ఆయన వీడియో సాక్ష్యానికి అంత ఖర్చు. కష్టమల్లా నొప్పి, వేదన ఖాళీలతోనే. అక్కడ ఏ అంకె ఎందుకు వేయాలో చెప్పే బిల్లు ఉండదు.

ఆ ఖాళీల దగ్గర ఇదివరకు లాయర్లు పెద్ద పెద్ద పోలికలు తెచ్చేవారు. 2023లో టెక్సస్ సుప్రీంకోర్టు గ్రెగరీ వర్సెస్ చోహాన్ అనే లారీ ప్రమాదం కేసులో దీన్ని తప్పుపట్టింది. అందులో ఫైటర్ జెట్ ధర, కోట్ల డాలర్లు పలికిన పెయింటింగ్ ధర చెప్పి మనిషి ప్రాణానికి అంకె కట్టమన్నారు. అలా ఊరికే పెద్ద అంకెలు విసరడం కాదు, అడిగిన మొత్తానికీ జరిగిన నష్టానికీ ఒక హేతుబద్ధమైన సంబంధం చూపించాలని ప్రధాన అభిప్రాయం రాసిన న్యాయమూర్తులు అన్నారు. అది ప్రాణం పోయిన కేసు. అయినా గాయాల కేసుల్లో కూడా లాయర్లు ఇప్పుడు ఆ మాట దృష్టిలో పెట్టుకునే పనిచేస్తున్నారు. మీ లాయర్ మిమ్మల్ని "పొద్దున లేచి జడ ఎలా వేసుకుంటారు, పాప టిఫిన్ బాక్స్ ఎవరు కడతారు, ఎన్ని గంటలకు నిద్ర లేస్తారు" అని విసిగించేది ఇందుకే. మీకది చాదస్తంలా అనిపించొచ్చు. ఆయనకు మాత్రం అంకెకు ఆధారం అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు నటన సంగతి. ప్రాక్టీస్‌లో మీతో ఏం చేయిస్తారో నాకు తెలుసు. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగమంటారు. అడిగినదానికే జవాబు చెప్పమంటారు. తల ఊపొద్దు, నోటితో చెప్పమంటారు, ఎందుకంటే మనం "అవును"కి ఊపే ఊపును కోర్టు రిపోర్టర్ రాసుకోలేరు, ఎదుటివాళ్లకు అది "కాదు"లా కనిపిస్తుంది కూడా. తెలియకపోతే తెలియదనమంటారు. తర్వాత ఆఫీసులోనే ఇంకొకరు అవతలి లాయర్‌లా గొంతు పెంచి అడుగుతారు. వీటిలో మీరు కానిదాన్ని మీ చేత పలికించేది ఏముంది? నిజానికి మన వాళ్లు కోర్టు బయటే ఎక్కువ నటిస్తారు, అదీ బాగున్నట్టు. డాక్టర్ గదిలోకి వచ్చి "ఎలా ఉన్నారు?" అంటే మర్యాదకు "గుడ్, థాంక్యూ" అంటాం. ఆయన కంప్యూటర్‌లో "పేషెంట్ బాగున్నట్టు చెప్పారు" అని కొడతారు. అలాంటి వాక్యాలకు పసుపు రంగు పూసి, తేదీల వారీగా పేర్చి, స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో చూపించడమే డిఫెన్స్ లాయర్ పని. మీ రికార్డులు తెప్పించుకుని మీరే ఒకసారి చదవండి. అదే పేజీలో రెండు అంగుళాల కింద "ఎడమ చేతి పట్టు తగ్గింది" అని పరీక్ష ఫలితం ఉంటుంది చూడండి. మీ లాయర్ చూపించాల్సింది ఆ లైన్.

ఎమ్మారై రిపోర్టులో "డీజెనరేటివ్" అనే మాట కనిపిస్తే కంగారు పడకండి. నలభైకి దగ్గరపడిన మెడలో కాస్త అరుగుదల ఉండటం మామూలే. ముందే ఉన్నదాన్ని ఈ ప్రమాదం ఎక్కువ చేసి ఉంటే, ఆ ఎక్కువైనంత మేరకు పరిహారం అడిగే హక్కు ఉంది. కానీ "ఇంతకు ముందు ఎప్పుడైనా మెడ నొప్పి వచ్చిందా?" అంటే "ఎప్పుడూ లేదు" అని ఆవేశపడొద్దు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి ఎప్పుడూ నొప్పి రాలేదంటే జ్యూరీలో ఎవరూ నమ్మరు.

నటన ఎక్కడ మొదలవుతుందో కూడా చెబుతాను. రోజూ వాడని మెడ పట్టీ కోర్టుకు పెట్టుకు రమ్మన్నా, నొప్పి ఎప్పుడూ పదికి ఎనిమిది అని చెప్పమన్నా, ఏడవమన్నా, వద్దని చెప్పండి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

ఆ పదిమంది అపరిచితుల సంగతి. "బాగానే ఉందిగా" అన్న పెద్దమనిషి మీద కోపం వచ్చింది, అర్థమైంది. కానీ మీ లాయర్ డబ్బు పెట్టి వాళ్లను పిలిచింది సరిగ్గా ఆ మాట కోసమే. అదే మాట రెండు నెలల తర్వాత తలుపులు మూసిన జ్యూరీ గదిలో పుడితే జవాబు చెప్పడానికి అక్కడ మీరుండరు, ఆయనా ఉండరు. ఇప్పుడు తెలిసింది కాబట్టి జ్యూరీని ఎంచుకునే రోజు ఆయన సూటిగా అడగొచ్చు: "ఎముక విరగకపోతే, రక్తం కారకపోతే నొప్పికి డబ్బు ఇవ్వడం నాకిష్టం లేదు అనుకునేవాళ్లు ఎవరు?" టెక్సస్‌లో లాయర్లే నేరుగా ఈ ప్రశ్నలు అడుగుతారు. చేయి ఎత్తి, నేను మారలేను అన్నవాళ్లను జడ్జి పంపించేయొచ్చు. అది కాక కారణం చెప్పకుండా తీసేయడానికి ఒక్కో పక్షానికి ఆరుగురి దాకా అవకాశం ఉంటుంది.

ఇంకో విషయం మీకు చెప్పారో లేదో. జ్యూరీకి ఇన్సూరెన్స్ మాట చెప్పరు. అవతలి ఆవిడ తరఫున డబ్బు కట్టేదీ, లాయర్‌ను పెట్టిందీ కంపెనీయే అయినా, వాళ్ల కళ్ల ముందు కూర్చునేది స్వెటర్ వేసుకున్న ఒక ముసలావిడ. "పాపం ఈవిడ ఇల్లు అమ్ముకోవాలేమో" అనుకునేవాళ్లు ఉంటారు. అది అన్యాయంగా అనిపించినా నియమం అదే. కాబట్టి ఆవిడ మీద మీ లాయర్ కేకలు వేయకపోతే చేతకానితనం అనుకోకండి.

బతుకమ్మ వీడియోకు వద్దాం. మీ ఉత్తరంలో దీని గురించే ఎక్కువ భయం ఉంది, కారణమూ ఉంది. కేసును పాడుచేసేది నలభై సెకన్లు మెడ వంచడం కాదు, "లేదు" అని ప్రమాణం చేసి చెప్పిన జవాబు. డిపాజిషన్ కాపీ అందాక 20 రోజుల్లోపు కారణం రాసి జవాబు మార్చుకునే వీలుంటుంది. మీకు ఆ గడువు దాటి ఉండొచ్చు, తేదీ చూసుకోమనండి. దాటితే మిగిలిన దారులు ఇవి. అవతలివాళ్లు చూపించేదాకా ఊరుకుని తర్వాత సర్దిచెప్పడం ఒకటి. ఇది నాకు నచ్చదు, ఎందుకంటే అప్పుడు మీరేం చెప్పినా దొరికిపోయాక చెప్పినట్టే ఉంటుంది. వీడియో జ్యూరీకి చూపించకూడదని ట్రయల్‌కు ముందే జడ్జిని అడగడం ఇంకొకటి. అడగొచ్చు కానీ మీ జవాబుకు నేరుగా ఎదురుగా ఉన్నదాన్ని జడ్జి ఆపడం కష్టం. మూడోది, మీ లాయరే మొదటి రోజు జ్యూరీకి కేసు పరిచయం చేసే ఓపెనింగ్‌లో ఆ వీడియో వేసి, బతుకమ్మ ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పి, "ఈ ప్రశ్నకు ఈమె లేదన్నారు, ఎందుకన్నారో ఈమె నోటితోనే వింటారు" అనడం. చాలామంది మంచి లాయర్లు మూడోదాన్నే ఎంచుకుంటారు.

అప్పుడు మీరు చెప్పాల్సింది కూడా చిన్నదే. "నాకు డ్యాన్స్ అంటే నేను నేర్పిన కూచిపూడి. బతుకమ్మ ఆ సమయానికి గుర్తు రాలేదు. నా జవాబు తప్పు." ఈ చివరి వాక్యం మింగేయకండి. తర్వాత ఆ రోజు ఎంతసేపు ఆడారు, ఎప్పుడు పక్కకు వచ్చి కూర్చున్నారు, మర్నాడు ఎలా ఉంది అన్నవి ఉన్నవి ఉన్నట్టు. ఇక్కడ ఒక పని చేయండి. ఆ పండుగ తర్వాత మీరు థెరపీకో, పెయిన్ డాక్టర్ దగ్గరికో వెళ్లిన మొదటి తేదీ చూసి, ఆ రోజు నోట్‌లో ఏం రాశారో వెతకండి. నొప్పి పెరిగిందని ఉంటే 40 సెకన్ల వీడియోకు ఆ నోటే జవాబు. ఏమీ లేకపోతే అదీ తెలియాలి, సెటిల్‌మెంట్ నిర్ణయం దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆ సాయంత్రం మీ పక్కన ఉన్న స్నేహితురాలెవరైనా సాక్ష్యానికి వస్తారేమో అడగండి. మీ వారికంటే ఆమె మాటకు బరువెక్కువ. ఈ కేసు డబ్బుతో మీ వారికీ మేలేనని జ్యూరీ అనుకుంటుంది. మీ దగ్గర కూచిపూడి నేర్చుకున్న పిల్ల తల్లి ఒకరు వచ్చి, క్లాసు ఏ నెలలో ఆగిందో, అంతకు ముందు మీరు ఎలా అడుగు వేసి చూపించేవారో పది నిమిషాలు చెప్పినా చాలు.

ఇక డబ్బు లెక్క. మీరు ఉత్తరంలో అంకెలన్నీ రాశారు కానీ కలిపి చూసినట్టు లేరు. 70 వేలు తీసుకుంటే 40 శాతం ఫీజు 28 వేలు, ఇప్పటిదాకా కేసు ఖర్చులు 9 వేలు, మీ చికిత్సకు కట్టిన హెల్త్ ప్లాన్ వెనక్కి అడుగుతున్నది 14 వేలు. మీ చేతికి 19 వేలు. ట్రయల్‌కు వెళ్తే డాక్టర్ల సాక్ష్యాలకూ మిగతావాటికీ ఇంకో 22 వేలు అవుతుందని లాయర్ చెప్పారన్నారు. అప్పుడు అదే 19 వేలు చేతికి రావాలంటే తీర్పు దాదాపు 1,06,700 రావాలి. వడ్డీ, గెలిచినవాళ్లకు వచ్చే కోర్టు ఖర్చులు పక్కన పెట్టి చెబుతున్నాను. ఇన్సూరెన్స్ లిమిట్ ఎంత? లక్ష. అంటే లక్షకు గెలిచి, లక్షే వసూలైతే మీ చేతికి 15 వేలు. గెలిచి కూడా ఇవాళ్టికంటే తక్కువ.

మరి మీ లాయర్ పిచ్చివాడా అంటే, కాదు. లిమిట్ లోపల అడిగిన లేఖ సంగతి రాశారు చూడండి, కీలకం అదే. టెక్సస్‌లో 1929 నాటి స్టోవర్స్ కేసు నుంచి ఒక సూత్రం ఉంది. లిమిట్ లోపల సెటిల్ చేసుకునే సహేతుకమైన అవకాశాన్ని కంపెనీ నిర్లక్ష్యంగా వదులుకుని, తీర్పు లిమిట్ దాటితే, ఆ పైమొత్తం కూడా కంపెనీ నెత్తిన పడొచ్చు. ఆ లేఖ సరిగ్గా కుదిరితే లక్ష అనే గోడ లేనట్టే. లక్షన్నర తీర్పు వస్తే మీ చేతికి 45 వేలు. కుదరకపోతే ఆ పై డబ్బు ఆ పెద్దావిడ నుంచి వసూలు చేయాలి, అది ఎంతవరకు అయ్యే పనో మీరే ఊహించగలరు. కాబట్టి లాయర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న "గెలుస్తామా?" కాదు. "ఆ లేఖ నిలబడుతుందా, బతుకమ్మ వీడియో చూశాక కూడా లక్ష దాటే తీర్పు వస్తుందని మీరు అనుకుంటున్నారా?" అని అడగండి. ఓడిపోతే ఖర్చులు ఎవరు భరిస్తారో మీ ఒప్పందంలో రాసి ఉంటుంది, ఆ పేరా వేలు పెట్టి చూపించమనండి. మీ సొంత కారు పాలసీలో అండర్ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్ (అవతలివాళ్ల ఇన్సూరెన్స్ చాలనప్పుడు మన కంపెనీ ఇచ్చేది) ఉందేమో కూడా చూడండి. ఉంటే సంతకం పెట్టే ముందే వాళ్లకు చెప్పాలి, లేకపోతే అక్కడ చిక్కులొస్తాయి.

సెటిల్‌మెంట్ తీసుకోవడం పిరికితనమేమీ కాదు. 14 వేల దగ్గర హెల్త్ ప్లాన్‌తో బేరం చేస్తే తగ్గే అవకాశం ఉంది, తగ్గినదంతా మీదే. కానీ ఆపరేషన్ తర్వాత చేయించుకున్నా ఇక ఎవరినీ అడగలేరు, ఆ సంతకంతో కేసు అయిపోయినట్టే. మధ్యస్థంగా హై-లో ఒప్పందం అని ఒకటి ఉంది. జ్యూరీ ఏం చెప్పినా మీకు ఇంతకు తగ్గదు, వాళ్లు ఇంతకు మించి ఇవ్వరు అని రెండు పక్షాలూ ముందే రాసుకుంటాయి. సున్నా భయం పోతుంది. పై హద్దు లక్ష దగ్గరే పెడితే మాత్రం పై లెక్క మళ్లీ చూసుకోండి, ట్రయల్ ఖర్చు మీ వాటాలోంచే పోతుంది. వీడియో వెలుగులోకి వచ్చింది కాబట్టి కంపెనీ 70 మీద నిలబడుతుందా అన్నది కూడా అనుమానమే. నేనైతే సర్జన్ సాక్ష్యానికి డబ్బు కట్టకముందే ఇంకోసారి బేరానికి కూర్చోమంటాను. ఒక్కసారి ఆ ఖర్చు పెట్టాక వెనక్కి తగ్గడం ఇద్దరికీ కష్టమవుతుంది.

మీ వారి వీసా భయం గురించి. కారు ప్రమాదం మీద సివిల్ కేసు వేయడం నేరం కాదు, ఓడినా అది క్రిమినల్ రికార్డు కాదు. ఇమిగ్రేషన్ హోదాను జ్యూరీ ముందు ఆయుధంగా వాడటాన్ని టెక్సస్ సుప్రీంకోర్టు 2010లో ఒక కేసులో గట్టిగా తప్పుపట్టి తీర్పునే కొట్టేసింది. భవిష్యత్తు సంపాదన నష్టం కూడా అడుగుతుంటే మాత్రం ఎంతకాలం ఇక్కడ పనిచేయగలరన్న ప్రశ్న రావచ్చు. మీరు ఉద్యోగం చేస్తూనే ఉన్నారు కాబట్టి ఆ పద్దు అవసరమా అని లాయర్‌ను అడగండి. మీ ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక ఫోన్ కాల్ మాట్లాడిస్తే మీ వారికి టెన్షన్ తగ్గుతుంది. ప్రమాణం చేసి చెప్పిన జవాబును సరిదిద్దుకోవడం వీసా కోణంలోనూ మంచిదే.

చివరగా మీరు ఒక వాక్యంలో రాసి వదిలేసిన సంగతి: కోపం వచ్చినా, ఏడుపు వచ్చినా ఇంగ్లిష్ తడబడుతుందన్నారు. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడగొచ్చు. కానీ పదేళ్లుగా ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేస్తున్న మీరు ఇంటర్‌ప్రెటర్ పక్కన కూర్చుంటే "ఇప్పుడెందుకు?" అని జ్యూరీ అనుకోవచ్చు, పైగా డిపాజిషన్ ఇంగ్లిష్‌లోనే ఇచ్చారు. నా మొగ్గు ఇంగ్లిష్ వైపే, నిదానంగా, మీ యాసలోనే. ఏ మాట దగ్గర ఆగిపోతారో ఈ వారం ప్రాక్టీస్‌లో లాయర్‌కు చూపించండి. అది చూశాక కూడా తెలుగే మేలని ఆయన అంటే ఇప్పుడే చెప్పాలి, లైసెన్స్ ఉన్న తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ట్రయల్ వారంలో వెతికితే దొరకడం కష్టం.